సల్మెలాలో పిల్ల చేపలు

మా మామగారు ఉర్హో ఆ వేసవంతా మంచం దిగలేదు. సరస్సు వైపు కిటికీ ఉన్న గది ఆయనది. ఏప్రిల్ నెలలో మంచు కరిగి సల్మెలా నీళ్లు నల్లగా బయటపడ్డ రోజున, వీపు కింద ఇంకో తలగడ పెట్టమన్నాడు. పెట్టాను. కాసేపు బయటికి చూసి, "రెనాటా ఎప్పుడొస్తుందట?" అన్నాడు. ఆ తర్వాత సెప్టెంబరు దాకా ఆయన రకరకాలుగా అడుగుతూ వచ్చింది ఆ ఒక్క సంగతే.

రెనాటా రాష్ట్ర మత్స్యశాఖలో జీవశాస్త్రవేత్త. యాభై దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం, నెమ్మదైన మాట. మా సల్మెలాతో పాటు చుట్టుపక్కల సరస్సులన్నీ ఆవిడ చేతి కిందివే. నాలుగైదేళ్ల కిందట ఆవిడ మా ఊరి హాల్లో నిలబడి, వలల్లో గాజుకళ్ల చేపలు ముసలివే పడుతున్నాయి, పిల్లలు కనబడటం లేదు అని చెప్పింది. కొన్నేళ్లపాటు ఎవరూ ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లకుండా, గాలానికి పడ్డా తిరిగి వదిలేస్తే తేరుకోవచ్చు అంది. తేరుకుంటాయని కాదు, తేరుకోవచ్చని. ఆ తేడా ఆ రోజు ఎవరి చెవికీ తగల్లేదు.

గాజుకళ్ల చేప అంటే మా వైపు శనివారం భోజనం. పెళ్లి భోజనం, చావు భోజనం కూడా అదే. పొద్దువాలాక దాని కళ్లు గాజు గోళీల్లా మెరుస్తాయి, వెన్నలో వేయిస్తే ముల్లు దానంతటదే ఊడి వస్తుంది. దాని కోసమే దూరాల నుంచి జనం వచ్చి ఒడ్డున మా చెక్క ఇళ్లు అద్దెకి తీసుకునేవారు. ఆ ఇళ్లూ, ఎరల కొట్టూ మావారు కలెవి సొంతం. గాలాల సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే. కాబట్టి అతను వద్దన్నాడు. హాలు హాలంతా అతని వెనకే ఉంది. అప్పుడు ఆఖరి బల్ల మీంచి ఉర్హో లేచాడు.

"వీటిని తిన్నదెవరు? నేను తిన్నాను. మా నాన్న తిన్నాడు. నా కొడుకు పుట్టినప్పుడు ఊరందరికీ పెట్టాను. ఇక కొన్నాళ్లు నోరు కట్టుకుందాం."

అంతే అన్నాడు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. కలెవి వాటిని లెక్కపెట్టి, ఫలితం పైకి చదివి, కుర్చీలు సర్దడానికి వెళ్లాడు.

మరుసటి ఏడు చెక్క ఇళ్లు అమ్మేశాం. కలెవి జిల్లా రోడ్ల పనిలో చేరాడు. చలికాలం మంచు తోసే బండి, ఎండాకాలం గుంతలు పూడ్చే బండి. తండ్రి మీద కోపమని అతను నాతో కూడా ఎన్నడూ అనలేదు. ఆయనతో కట్టెల గురించి, మందుల గురించి, వాన గురించి మాట్లాడేవాడు. కబుర్లు మాత్రం లేవు. వారానికోసారి ఆవిరి స్నానం గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, చెమటోడ్చి, మాటా పలుకూ లేకుండా బయటికొచ్చేవారు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు అంత మర్యాదగా ఉంటే మూడో మనిషికి ఊపిరాడదు.

నేను చెబుతున్న ఏడాదితో ఆ కట్టుబాటు గడువు తీరిపోతుంది. వేసవిలో రెనాటా వలలు లాగి చూస్తుంది. సెప్టెంబరులో మళ్లీ హాల్లో కూర్చుని, ఉంచాలా తియ్యాలా అని తేల్చుకోవాలి.

జూన్‌లో ఆవిడ పడవ తగిలించుకున్న బండితో రేవులో దిగేసరికి అప్పటికే అరడజను మంది కాఫీ ఫ్లాస్కులతో కాచుకుని ఉన్నారు. వాళ్లలో ముందుండేవాడు క్లోవిస్. ఒకప్పుడు దుంగల లారీ నడిపేవాడు. లారీ పోయింది గానీ ఆ ఇంజను మీద అరవడానికి అలవాటైన గొంతు పోలేదు.

"ఈసారి చేపల్ని లెక్కపెడతారా మేడం, మమ్మల్నా? చేపల కంటే మేమే ముందు అయిపోయేట్టున్నాం" అన్నాడు.

"మిమ్మల్ని లెక్కపెట్టడానికి వల ఎందుకు క్లోవిస్? కాఫీ పెడితే చాలు, అందరూ ఒడ్డుకొస్తారు" అంది రెనాటా.

నవ్వారు. నవ్వు అయ్యాక అసలు మాటలు మొదలయ్యాయి. పక్క జిల్లాలో ట్యాంకరుతో పిల్ల చేపలు తెచ్చి పోస్తుంటే మాకెందుకు పొయ్యరని అడిగారు. పోస్తే బతికేవి బహు తక్కువ, ఇక్కడ బాస్ చేపలు పెరిగిపోయాయి, పిల్లల్ని పొయ్యడమంటే వాటికి విందు వడ్డించడమే అని ఆవిడ చెప్పింది. అయితే ఆ బాస్‌ని మమ్మల్ని పట్టుకోనివ్వండి అన్నాడు క్లోవిస్.

"పట్టుకోండి, ఎవరు వద్దన్నారు? రుచి లేదని మీరే కదా నీళ్లలోకి విసిరేస్తున్నారు."

"రుచి లేకపోవడం మా తప్పా?"

మళ్లీ నవ్వారు. మునుపు ఈ నెలలో నీళ్లలో పాదం పెడితే ఎముకలు కొరికేవని, ఇప్పుడు పిల్లలు మే చివర్లోనే దూకి ఈదుతున్నారని ఎవరో అన్నారు. రెనాటా ఆ మాటకి నవ్వలేదు. వంగి నీళ్లలో చెయ్యి ముంచి చూసింది. తర్వాత, ఆగస్టులో ఒడ్డు వెంబడి వల లాగడానికి ఊరివాళ్లు కూడా రావాలని, లేకపోతే రేపు లెక్క ఎవరూ నమ్మరని అంది. రేవు దారిలో కంకర పరుస్తున్న కలెవిని కూడా అడిగింది.

"నాకు రోడ్డు పనుంది" అన్నాడు కలెవి. ఆ గొంతులో విసురేమీ లేదు. అయినా రేవులో ఉన్నవాళ్లందరూ ఒక్క క్షణం తమ చెప్పుల వైపు చూసుకున్నారు. నేనొస్తాను అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఉర్హోని చూడటానికి ఇంటికొచ్చింది. ఆయన ఆవిణ్ణి తల్లీ అని పిలిచేవాడు. యాలకుల రొట్టె కోసి పెట్టాను. ఇద్దరూ చేపల గురించి, చచ్చిపోయిన పాత గాలగాళ్ల గురించి, ఎప్పుడో తుఫానులో పడవ తిరగబడ్డ కథ గురించి మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు.

"మా వంతు మేం కాచుకున్నాం తల్లీ. ఇక వాటి వంతు."

"చూద్దాం ఉర్హో" అంది ఆవిడ.

ఆగస్టులో వల లాగడం మొదలుపెట్టాం. పది బారల పొడుగు వల, దోమతెర లాంటి సన్న కంతలు. ఒక కొస పట్టుకుని రెనాటా నడుముల్లోతు నీళ్లలోకి నడిచేది. రెండో కొస నేను ఒడ్డున పట్టుకునేదాన్ని. సగం చుట్టు తిరిగి ఆవిడ ఒడ్డుకి చేరాక ఇద్దరం కలిసి లాగేవాళ్లం. వల మధ్యలో వెండి రజను పోసినట్టు పిల్ల చేపలు ఎగిరిపడేవి. మొదటిసారి వాటిని చూసి వల మీదికి వంగాను. ఇన్ని ఉన్నాయి కదా అనుకున్నాను. రెనాటా మోకాళ్ల మీద కూర్చుని తడి చేత్తో ఒక్కొక్కటీ తీసి, ఇది పెర్చ్, ఇది బాస్, ఇదీ బాస్ అంటూ నీళ్లలోకి వదిలేది. గాజుకళ్ల పిల్ల ఎలా ఉంటుందో నాకు చెప్పింది. సన్నగా, పొడుగ్గా, కళ్లు ఒంటికి మించి పెద్దగా ఉంటాయట. నేను ప్రతి వలలోనూ ఆ కళ్ల కోసం వెతికాను.

నీళ్లు వెచ్చగా, స్నానానికి కాచినట్టుండేవి. ఆవిడ వాటి వేడి కొలిచి రాసుకునేది. ఇంకా ఒడ్లున్నాయి అనేది.

సాయంత్రం నేను తడి బట్టలతో గుమ్మంలోకి రాగానే లోపలి నుంచి గొంతు వినబడేది. "పిల్లలు పడ్డాయా?"

"ఇంకా చూస్తున్నాం మామయ్యా."

ఉత్తరం ఒడ్డున వాగు కలిసే చోట గులకరాళ్లున్నాయి, అక్కడ లాగారా అని అడిగేవాడు. మర్నాడు అక్కడ లాగేవాళ్లం. పెర్చ్, బాస్. రెల్లు దుబ్బుల చివర చూడమనేవాడు. చూసేవాళ్లం. ఆయన చెప్పిన ప్రతి చోటా లాగాం. ఒక రోజు రెనాటా నడుము పట్టుకుని ఒడ్డున కూలబడి, "ఆ మనిషి చెప్పింది ఒక్కచోటన్నా నిజమైతే బాగుండు" అంది. కలెవి వంటగదిలో కూర్చుని ఈ రోజువారీ ప్రశ్నా, నా జవాబూ వింటూ భోంచేసేవాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. కానీ నెలాఖరుకొచ్చేసరికి నేను తలుపు తీసే సమయానికి అతను చెంచా కింద పెట్టి ఆగుతున్నాడని గమనించాను.

సమావేశానికి ముందు రోజు రెనాటా ఇంటికొచ్చింది. హాల్లో అందరి ముందు చెప్పే లోపు ఉర్హోకి తనే చెప్పాలని వచ్చింది. ఆయన అప్పటికి బాగా చిక్కిపోయాడు. డాక్టరు ఇక ఆసుపత్రికి తిప్పడం మానేయమన్నాడు. కలెవి పెరట్లో కట్టెలు చీలుస్తున్నాడు. ఆవిడ బండి దిగి అతని దగ్గరికే ముందు వెళ్లింది.

"ఏమీ లేవు కలెవి. ఒక్కటి కూడా లేదు" అంది.

అతను గొడ్డలి దుంగకి ఆనించాడు. ఎందుకని అడిగాడు. నీళ్లు తొందరగా వేడెక్కుతున్నాయని, గుడ్లు చిట్లినా పిల్లలు నిలవడం లేదని, నిలిచినవాటిని బాస్ తినేస్తోందని చెప్పింది. ఇదంతా అప్పట్లో తనకి ఇంత స్పష్టంగా తెలియదంది.

"అయితే మేం వదిలేసినా, తినేసినా ఒకటేనా?"

ఆవిడ చీలిన కట్టె ఒకటి తీసి కుప్పలో పెట్టింది. "తినుంటే ఇంకా ముందే అయిపోయేవి. చివరికి మాత్రం ఇక్కడికే వచ్చేవాళ్లం అనుకుంటా."

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. కలెవి అరుస్తాడనుకున్నాను. ఇళ్లు పోయాయి, కొట్టు పోయింది, అతనికి ఇష్టమైన బతుకు పోయింది. అరవడానికి అతనికి హక్కుంది. అతను చేతులకంటిన పొట్టు దులుపుకుని, బూట్లు విప్పి, మా ఇద్దరి కంటే ముందు లోపలికి నడిచాడు. తిన్నగా తండ్రి గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఆ కుర్చీలో అతను కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"నాన్నా, రెనాటా వచ్చింది. పిల్లలు పడ్డాయట" అన్నాడు.

ఉర్హో కళ్లు తెరిచాడు. "ఎక్కడ?"

"నువ్వు చెప్పిన చోటే. వాగు దగ్గర, గులకరాళ్ల మీద."

రెనాటా గుమ్మంలో ఆగిపోయింది. ఉర్హో ఆవిణ్ణి అడగలేదు. నా వైపు తల తిప్పాడు. "వల కొస నీ చేతిలోనే ఉంది కదమ్మా. నువ్వు చూశావా?"

"చూశాను మామయ్యా. సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. ఒంటికంటే కళ్లే పెద్దవి."

ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు. పళ్లు లేని నవ్వు. కలెవి చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ఎన్ని, ఎంత పొడుగు, పడవలో ఎవరెవరున్నారు అని అడుగుతూ పోయాడు. కలెవి ఒక్కొక్క దానికీ నిదానంగా జవాబు చెబుతూ పోయాడు. తాను ఎక్కని పడవ గురించీ, తాను పట్టని వల గురించీ అంతసేపు చెప్పాడు. కాఫీ చల్లారిపోయింది. రెనాటా కిటికీ దగ్గర నిలబడి, ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట కాదనలేదు.

చివర్లో ఉర్హో అన్నాడు, "రేపు హాల్లో నా మాటగా చెప్పు. ఓపిక పట్టినందుకు అందరూ చల్లగా ఉండాలని చెప్పు. క్లోవిస్‌కి మరీ మరీ చెప్పు. వాడికి ఆకలెక్కువ."

బయట బండి ఎక్కుతూ రెనాటా నాతో, తను ఇన్నేళ్ల ఉద్యోగంలో లేని చేపని ఉందని ఎప్పుడూ రాయలేదు అంది. వెనకాలే వచ్చిన కలెవి, "ఇప్పుడూ రాయకండి. రేపు ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు.

ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది. హాలు నిండింది. వలలో ఏం పడ్డాయో, ఏం పడలేదో, ఎందుకో అన్నీ చెప్పి, తన శాఖ తరఫున ఈ కట్టుబాటు ఎత్తేయడమే మంచిదనుకుంటున్నామని, ఇకమీదట సల్మెలాని పెర్చ్‌కీ, బాస్‌కీ అనుగుణంగా చూసుకుందామని అంది. ముసలి గాజుకళ్ల చేపలు ఉన్నన్నాళ్లు ఉంటాయి. ఆ తర్వాత ఉండవు. అది చెప్పేటప్పుడు కూడా ఆవిడ మాట మార్చలేదు.

తర్వాత క్లోవిస్ లేచాడు.

"అంటే ఇన్నేళ్లూ మేం ఉత్తినే నోరు కట్టుకున్నాం. ఒక ముసలాయన లేచి నాలుగు మాటలు చెబితే గొర్రెల్లా తలలూపాం. నా భార్య ఆఖరి రోజుల్లో ఆ చేప ముక్క కావాలని అడిగింది మేడం. చట్టం అని పెట్టలేదు నేను."

రెనాటా తల వంచుకుంది. క్లోవిస్ భార్య పోయి రెండు చలికాలాలు దాటింది. ఆవిడ చేప అడిగిన సంగతి మాలో ఎవరికీ తెలియదు.

కలెవి లేచాడు. ఆ హాల్లో అతను నోరు విప్పి నాలుగైదేళ్లయింది.

"మా నాన్న ఒక మాట చెప్పమన్నాడు. ఓపిక పట్టినందుకు అందరూ చల్లగా ఉండాలన్నాడు. నీకు మరీ మరీ చెప్పమన్నాడు క్లోవిస్." హాలు వైపు తిరిగాడు. "పిల్లలు పడ్డాయని ఆయనకి చెప్పాను. ఆయన ఇక ఎక్కువ రోజులు ఉండడు. చూడటానికి వచ్చేవాళ్లు అది తెలుసుకుని రండి. లేదంటే రావద్దు."

కూర్చున్నాడు. కట్టుబాటు ఎత్తేయాలా అని అడిగితే దాదాపు అందరూ చేతులెత్తారు. కలెవీ ఎత్తాడు.

ఆ తర్వాతి వారాల్లో వాళ్లు వచ్చారు. నేను ఊహించినదాని కంటే ఎక్కువ మందే వచ్చారు. గుమ్మంలో టోపీ తీసి, బూట్లు విప్పి, మెల్లగా ఆ గదిలోకి వెళ్లేవారు. ఉర్హో ప్రతివాడికీ ఆ శుభవార్త చెప్పేవాడు. అవునట, మేమూ విన్నాం అనేవారు. అంతటితో ఊరుకోని వాళ్లు కూడా ఉన్నారు. ఒకాయన తన మనవడు రేవు దగ్గర వాటిని కళ్లారా చూశాడన్నాడు.

క్లోవిస్ అందరి కంటే ఆలస్యంగా వచ్చాడు. బకెట్‌లో శుభ్రం చేసిన పెర్చ్ ముక్కలు తెచ్చి నా చేతికిచ్చాడు. లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఏమంటాడోనని భయం.

"పిల్లలొచ్చాయిరా క్లోవిస్" అన్నాడు ఉర్హో.

క్లోవిస్ టోపీని మోకాలి మీద తిప్పాడు. ఒకసారి తిప్పాడు, రెండోసారి తిప్పాడు. "వచ్చాయి పెద్దాయనా. ఇక మన పిల్లలకి పర్లేదు" అన్నాడు. ఆ లారీ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని నాకు తెలియదు. బయటికొచ్చి నా మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆ వారాలన్నీ కలెవి పని నుంచి రాగానే ఆ గదిలోనే ఉండేవాడు. తండ్రి అడిగేది చేపల గురించి, ఇతను చెప్పేదీ చేపల గురించే. ఇవాళ నీళ్లెలా ఉన్నాయి, పిల్లలు లోతుకి దిగాయా, చలికి తట్టుకుంటాయా. కలెవి అన్నిటికీ జవాబు చెప్పేవాడు. వంటగదిలో గిన్నెలు కడుగుతూ నేను వాళ్లిద్దరి గొంతులూ వినేదాన్ని. మాటలు స్పష్టంగా వినబడకపోతే అది మామూలు తండ్రీ కొడుకుల కబుర్లలాగే ఉండేది.

అక్టోబరు చివర్లో, మొదటి మంచు పడిన ఉదయం ఉర్హో పోయాడు. చావు భోజనంలో మాంసం పెట్టాం, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టాం. చేప ఏదని ఎవరూ అడగలేదు.

సరస్సు గడ్డకట్టేలోపు పడవలు కట్టే చెక్క వంతెన విప్పి ఒడ్డుకి లాగాలి. ఆ ఆదివారం కలెవి రబ్బరు బూట్లతో తొడల్లోతు నీళ్లలో దిగి బోల్టులు విప్పుతున్నాడు. నేను ఒడ్డున పలకలు అందుకుంటున్నాను. సగం పని అయ్యాక అతను చేతులాపి, నీళ్లలోకి చూస్తూ అన్నాడు.

"ఆ రోజు హాల్లో ఆయన లేచి చెప్పింది న్యాయమే సిల్వి. చేపలొచ్చినా రాకపోయినా అది న్యాయమే. చేతులు లెక్కపెడుతున్నప్పుడే నాకు తెలుసు."

చేతిలో ఉన్న పలకని నేను మిగతావాటి మీద పెట్టాను.

"ఆ ముక్క ఆయనకి చెప్పి ఉండాల్సింది. అది అబద్ధం కూడా కాదు. అన్ని రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాను. చేపల గురించే చెప్పాను."

గాలి లేచింది. అతని పెదవులు నీలంగా ఉన్నాయి. ఆయన నీ చెయ్యి పట్టుకున్నాడు కదా, అది చాలదా అని అడగాలనిపించింది. చాలదని నాకూ తెలుసు. తర్వాతి పలక ఇవ్వు అన్నాను. ఇచ్చాడు. చీకటి పడేలోపు వంతెనంతా ఒడ్డుకి లాగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గుడ్డ కప్పి కట్టాం.